బ్యాటరీ వెనక్కి వెళ్లగానే పిట్ విడిపోతోంది, ఎవరిని పట్టుకోవాలి?

అమెరికాలో ఒక డ్రమ్ కోర్ (బ్రాస్, డ్రమ్ములతో మైదానంలో కవాతు చేస్తూ షో ఇచ్చే బృందం) ఫ్రంట్ ఎన్‌సెంబుల్‌లో, అంటే మైదానం ముందు ఒకేచోట నిలబడి వాయించే 'పిట్'లో, మధ్య మారింబా (చెక్క పలకల వాద్యం) వాయిస్తున్నాను. అందరి కళ్లూ బ్యాటరీలోని (డ్రమ్ములు మోస్తూ కవాతు చేసేవాళ్లు) స్నేర్ డ్రమ్ముల మీదే ఉంటాయి గానీ, దూరదూరంగా వచ్చే శబ్దాలను ప్రేక్షకుల చెవికి ఒకటిగా కలిపేది పిట్టే. ఆ పనే మాకు కుదరడం లేదు.

షో రెండో భాగంలో టెంపో నిమిషానికి 168 బీట్లు. మాకు ఆగకుండా సిక్స్‌టీన్త్ నోట్లు (ఒక్కోటి బీట్‌లో నాలుగో వంతు). అప్పుడు బ్యాటరీ మాకు సుమారు 30 మీటర్ల వెనక ఉంటుంది. అక్కడి నుంచి శబ్దం రావడానికి దాదాపు 0.09 సెకను పడుతుంది, అంటే ఆ టెంపోలో ఇంచుమించు ఒక సిక్స్‌టీన్త్. డ్రమ్ మేజర్ (ముందు నిలబడి చేతులతో తాళం చూపించే కండక్టర్) చేతులు చూస్తే మేం ముందు పడిపోతున్నాం. వెనక స్నేర్లను వింటూ వాయిస్తే మారింబాలు కలుస్తున్నాయి, చివర ఉన్న జైలోఫోన్ మాత్రం వెనకబడుతోంది. బ్యాటరీ దగ్గర మెట్రోనోమ్ పెడితే అంతా బాగుంటుంది, తీసేస్తే మళ్లీ అదే. పిట్‌లో ర్యాక్ (సింబల్స్ లాంటివి తగిలించిన స్టాండ్) వాయించే అమ్మాయి హై-హ్యాట్‌తో (జంట సింబల్స్) పల్స్ ఇచ్చి చూసింది, బ్రాస్ గట్టిగా వచ్చేసరికి అది వినపడట్లేదు. పోటీ దగ్గరికొచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది.

పిట్‌లో వాయించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఇలాంటి చోట చివర ఉన్నవాళ్లు నేరుగా బ్యాటరీని వినాలా, లేక మధ్య మారింబా చేతులు చూస్తూ వాయించాలా?