మానసిక వైకల్యం ఉన్న అబ్బాయి కోసం: వీలునామా చాలునా, ప్రైవేటు ట్రస్టు పెట్టాలా?

సాయంసంధ్య:
నాకూ నా భార్యకూ 60 ఏళ్లు దాటాయి. అమ్మాయికి పెళ్లయింది, ఉద్యోగం చేసుకుంటోంది. అబ్బాయికి పుట్టుకతోనే మానసిక వైకల్యం ఉంది. ఇప్పుడు వాడికి 26 ఏళ్లు. డబ్బు విలువ వాడికి తెలియదు, చేతిలో నోటు పెడితే ఎవరు అడిగితే వారికి ఇచ్చేస్తాడు. మేముంటున్న ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు అన్నీ మా స్వార్జితమే, మా తరువాత ఇవి వాడి పోషణకే ఖర్చు కావాలి. వీలునామా రాస్తే చాలని కొందరు, ఆస్తిని నమ్మకస్తుల (ట్రస్టీల) చేతికి అప్పగించి వాడి కోసమే నడిపించే ట్రస్టు తప్పదని కొందరు చెబుతున్నారు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతపత్రం:
వీలునామా చాలు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే అది చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ కూడా మీ ఇష్టమే. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. 1882 నాటి ట్రస్టుల చట్టం అలా కాదు. ఇంటిని ఇప్పుడే ట్రస్టుకు బదలాయించాలంటే పత్రం రాసి, రిజిస్టరు చేయించి, మీ రాష్ట్రంలో ఎంత ఉంటే అంత స్టాంపు డ్యూటీ కట్టాలి. రద్దు చేసుకునే అధికారాన్ని పత్రంలో అట్టిపెట్టుకోకపోతే, ట్రస్టు ఎవరి మేలు కోసమో ఆ లబ్ధిదారులందరి సమ్మతి లేనిదే వెనక్కి తీసుకోలేరు, మీ అబ్బాయికేమో అటువంటి సమ్మతి ఇచ్చే అర్హత చట్టరీత్యా ఉండదు. పన్ను కలిసివస్తుందనుకోవడానికీ లేదు, మన దేశంలో చనిపోయినవారి ఆస్తిపై వేసే పన్నును, అంటే ఎస్టేట్ డ్యూటీని, 1985లోనే ఎత్తివేశారు.

వెలుగురేఖ:
పాతపత్రం గారూ, వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది. పక్షవాతం వచ్చి తల్లిదండ్రులే మంచాన పడితే ఆ అబ్బాయి ఖర్చులకు డిపాజిట్ నుంచి డబ్బు తీసేదెవరు? పైగా ఇంటిని నేరుగా అతని పేర రాస్తే, ఆ ఇంటిని అద్దెకు ఇవ్వడానికైనా అతను సంతకం పెట్టలేడు.

మా నాన్నగారు చక్కగా వీలునామా రాసి రిజిస్టరు చేయించారు. ఆయన పోయేనాటికి ఒక సాక్షి లేరు, రెండో ఆయనకు ఏమీ గుర్తు లేదు. రాసేనాటికి నాన్నగారి మతి స్థిమితంగా లేదని మా చిన్నాన్నలు దావా వేశారు. ఆ దావా తేలకుండానే మా అమ్మ కూడా వెళ్లిపోయింది. పెట్టినవారి కళ్లెదుటే కొన్నేళ్లు నడిచిన ట్రస్టును అంత తేలికగా ఎవరూ ప్రశ్నించలేరు.

పాతపత్రం:
స్టాంపు డ్యూటీ సంగతికి మీరు సమాధానం చెప్పలేదు.

వెలుగురేఖ:
సాక్షుల సంగతికి మీరూ చెప్పలేదు.

గణకుడు:
పన్ను విషయంలో ఒక మాట. ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే ఆ ఆదాయంపై సాధారణంగా గరిష్ఠ రేటు పడుతుంది. లబ్ధిదారు వాటాను పత్రంలో స్పష్టంగా రాస్తే ఆ ఇబ్బంది ఉండదు.

పాతపత్రం:
చూశారా, స్టాంపు డ్యూటీకి తోడు ఇదొకటి.

మూడోవాటా:
ట్రస్టును పొగిడేవారు నా మాట కూడా వినాలి. మా నాన్నగారు ముగ్గురు పిల్లల కోసం ట్రస్టు పెట్టి, అన్నయ్యను ఏకైక ట్రస్టీని చేశారు. అద్దె ఎంత వస్తోందో, మరమ్మతులకు ఎంత పోతోందో నాకు ఈనాటికీ తెలియదు. అడిగితే, “నీకేం తక్కువ చేశాను?” అంటాడు. ట్రస్టు అంటే ఒక్కరి చేతికి ఇంటి తాళంచెవి ఇచ్చి మిగిలినవారిని గుమ్మంలో నిలబెట్టడమే.

వెలుగురేఖ:
లబ్ధిదారు అడిగినప్పుడు లెక్కలు చూపడం ట్రస్టీకి చట్టం విధించిన బాధ్యత. ట్రస్టు పత్రం నకలు తీసుకునే హక్కు కూడా మీకుంది. బాధ్యత తప్పిన ట్రస్టీని మార్చమని కోర్టును కోరవచ్చు. మీరు ఎందుకు కోరలేదు?

మూడోవాటా:
మా అమ్మ ఇంకా ఉంది కాబట్టి. అన్నయ్య మీద దావా వేస్తే ఆమె ఏ ఇంట్లో భోజనం చేయాలి? హక్కు ఉందని చెప్పడం తేలికే.

పాతపత్రం:
ఇందాకటి నుంచి ఓపిక పడుతున్నాను. ఒకరు చిన్నాన్నలను, ఒకరు అన్నను దోషులుగా నిలబెట్టి, ఆ కోపాన్నంతా ఈ పెద్దమనిషి నెత్తిన రుద్దుతున్నారు. ఆయనకు చక్కని కూతురుంది. ఇల్లు ఆమె పేర రాసి, తమ్ముణ్ణి చూసుకో తల్లీ అంటే సరిపోదా? మా చెల్లెలికీ ఇదే పరిస్థితి. మా నాన్న ఒక్క కాగితం రాయకుండా ఆమెను నాకు అప్పగించారు, ఈనాటికీ నా దగ్గరే ఉంది. కన్నబిడ్డను లెక్క చెప్పమని పత్రంలో రాయడం ఆ బిడ్డకు అవమానం.

సాయంసంధ్య:
పాతపత్రం గారూ, మీరన్న మాటే మా అమ్మాయి కూడా అన్నది. “తమ్ముణ్ణి చూడడానికి నాకు పత్రం కావాలా నాన్నా?” అని కన్నీళ్లు పెట్టుకుంది. నేను ఇక్కడికి వచ్చి అడిగింది అందుకే. ఆమె మీద నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ ఇల్లు ఆమె పేర ఉండి, తమ్ముడి కంటే ముందు ఆమే పోతే, అది ఆమె భర్తకూ పిల్లలకూ చెందుతుంది, వాడికి కాదు. ఆమెకు అప్పులైతే జప్తు కూడా కావచ్చు.

వెలుగురేఖ:
ట్రస్టు ఆస్తిని ట్రస్టీ సొంత అప్పుల కింద జప్తు చేయడానికి వీల్లేదు. ట్రస్టీ చనిపోతే అది ఆమె వారసులకు ఆస్తిగా సంక్రమించదు, తరువాతి ట్రస్టీ చేతికి వెళుతుంది. ఇందులో అమ్మాయికి అవమానమేముంది?

మూడోవాటా:
అసలు చిక్కు ఎవరూ చెప్పడం లేదు. లెక్క అడిగే హక్కు లబ్ధిదారుదని వెలుగురేఖ గారు రాశారు. నేను అడగగలను, నాకు సమాధానం రాకపోయినా అడిగాను. ఆ అబ్బాయి అడగనే లేడు. కనుక ఒక్కరిని ట్రస్టీగా పెట్టకండి. అమ్మాయితో పాటు కుటుంబానికి బయటి వ్యక్తి ఒకరిని పెట్టి, ఏటా లెక్కలు ఎవరికి చూపాలో, ట్రస్టీ పోతే ఎవరు రావాలో పత్రంలోనే రాయండి. అమ్మాయి మంచిదైతే ఆ లెక్కలే రేపు ఆమెకు రక్ష, ఆమెను వేలెత్తి చూపేవారికి కాగితం చూపించగలదు.

పాతపత్రం:
రాయాలనుకుంటే అదంతా వీలునామాలోనే రాయవచ్చు. వీలునామా ద్వారా కూడా ట్రస్టును ఏర్పాటు చేసే వీలు 1882 చట్టంలోనే ఉంది. స్టాంపు డ్యూటీ ఉండదు.

వెలుగురేఖ:
మళ్లీ ఆ ఇద్దరు సాక్షుల దగ్గరికే వచ్చారు. వీలునామా చేసినా కనీసం మీకంటే వయసులో చిన్నవారిని, ఆస్తిలో ఏమీ రానివారిని సాక్షులుగా పెట్టుకోండి. సంరక్షకుల విషయం కూడా మరవకండి. 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులైనా సహజ సంరక్షకులుగా కొనసాగరు. ఇటువంటి వైకల్యం ఉన్నవారి కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం (మనం మాట్లాడుకుంటున్న ప్రైవేటు ట్రస్టుతో దీనికి సంబంధం లేదు) కింద, సంరక్షకులను నియమించే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి.

సాయంసంధ్య:
డిపాజిట్లలో కొంత భాగంతో ఇప్పుడే ట్రస్టు పెట్టి నడిపి చూస్తాను. అందుకు ఇంటిని కదపనవసరం లేదు. ఇల్లు మాత్రం మా తరువాత అదే ట్రస్టుకు చెందేలా వీలునామాలో రాస్తాను. సంరక్షకత్వానికి దరఖాస్తు పెడతాను. మూడోవాటా గారి సందేశాన్ని అమ్మాయికి చదివి వినిపించాను. బయటి ట్రస్టీగా ఎవరిని అడగాలో ఆమే ఆలోచిస్తానంది.

పాతపత్రం:
ట్రస్టు విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయినా వీలునామా రాస్తున్నారు కనుక అడుగుతున్నాను. ఇల్లు మీ ఒక్కరి పేరనే ఉందా, ఇద్దరి పేరనా? ఇద్దరి పేరన ఉంటే మీ వీలునామా మీ వాటాకే చెల్లుతుంది. మీ భార్య గారు తన వాటాకు వేరుగా రాయాలి.