ఎరుకల కుటుంబానికి ఎస్టీ సర్టిఫికెట్: తెలిసినవాళ్లు దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, రాజోలు దగ్గర. మా ఊరి కాలవ గట్టు మీద ఎరుకల వాళ్ల గుడిసెలు కొన్ని ఉన్నాయి, బుట్టలు అల్లుతారు, పందులు పెంచుతారు. వాళ్లలో ఒకమ్మాయి ఇంటర్ పాసైంది, డిగ్రీలో చేరాలి, ఆ ఇంట్లో ఇంతవరకు చదివింది ఆమే. కుల ధ్రువీకరణ పత్రం లేక ఆగిపోయింది. స్కాలర్‌షిప్ కావాలన్నా, ఎస్టీలకున్న 6 శాతం రిజర్వేషన్ కావాలన్నా ముందు ఆ కాగితమే అడుగుతారు కదా.

ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం. తాతల నాటి ఆధారం తెమ్మంటున్నారు. గట్టు మీద బతికేవాళ్లకి పట్టా ఎక్కడిది? వాళ్ల నాన్న బడి ముఖమే చూడలేదు. ఒకప్పుడు వీళ్లని పుట్టుకతోనే నేరస్తులుగా రాసుకున్న చట్టం ఉండేది, 1952లో రద్దయింది, ఊళ్లో కోడి పోతే ఇప్పటికీ ముందు వీళ్ల గుడిసెల వైపే చూస్తారనుకోండి, అది వేరే సంగతి.

రంపచోడవరం వైపైతే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. డెల్టాలో ఉన్న గిరిజనులు ఎవరి దగ్గరికి వెళ్లాలి? బంధువుల సర్టిఫికెట్ చూపిస్తే సరిపోతుందా, లేక ఊళ్లో విచారణ చేయించమని రాసివ్వాలా? ఇలా తిరిగి సాధించుకున్నవాళ్లుంటే ఏయే కాగితాలు పెట్టారో చెప్పండి. అడ్మిషన్ల గడువు దగ్గర పడుతోంది, ఆ పిల్లకంటే నాకే టెన్షన్‌గా ఉంది.