అప్‌డేట్: అమ్మమ్మ ఇచ్చిన జీపీఏ రద్దు చేయించాం

పెద్దమామయ్య అమ్మమ్మ చేత జీపీఏ (ఆమె తరఫున ఆస్తి వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం) రాయించుకుని ఇంటి అద్దెలు తన ఖాతాలో వేసుకుంటున్నాడని, ఏం చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. మొన్న గురువారం రద్దు దస్తావేజు రిజిస్టర్ అయింది. డబ్బు తీసుకుని ఇచ్చిన జీపీఏ కాదు కాబట్టి మామయ్య సంతకంతో పని పడలేదు.

వేలిముద్ర వేసే ముందు అమ్మమ్మ, "అప్పుడు చదవకుండానే వేశాను, ఇప్పుడు మొత్తం చదువు" అని నన్ను కూర్చోబెట్టింది. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కున్నా వదల్లేదు.

రద్దు చేస్తే సరిపోదని లాయర్ గట్టిగా చెప్పారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రద్దయిన సంగతి తెలిసేదాకా బయటివాళ్లకు ఆ రద్దు వర్తించదట. అందుకే మామయ్యకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. బ్యాంకుకు, అద్దెకున్నవాళ్లకు కాపీలిచ్చి సంతకాలు తీసుకున్నాం. ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించాం, అమ్మకాలేవీ లేవు. నాకు సగం టెన్షన్ అక్కడే తీరింది.

వసూలు చేసిన అద్దెలకు లెక్క చెప్పమని కూడా నోటీసులో రాశాం. జవాబు రాలేదు. అమ్మమ్మ మాత్రం, "వాడు షుగర్ మందులు వేసుకుంటున్నాడో లేదో, ఫోన్ చేసి కనుక్కో" అంటోంది.