కాళ్ళకు బలపం: కట్టుకునా, పట్టుకునా?

గోదారిగట్టు: "కాళ్ళకి బలపం కట్టుకు తిరుగుతున్నాడు" అనేది మా నాయనమ్మ, బాబాయిని. నిన్న ఎవరో "బలపం పట్టుకుని" అని రాశారు. ఏది సరి?

అవధానప్రియ: "కట్టుకు"నే. పట్టేది చేత్తో, పలక మీద రాయడానికి. కాలికి కడితే నడిచినంత మేరా గీత పడుతుంది. అదీ చమత్కారం.

గచ్చునేల: బడి బలపం కాదండీ, బలపపు రాయి. గోటితో గీస్తే పొడి రాలుతుంది, తాకితే సబ్బులా జారుతుంది. కాలు ఒకచోట నిలవదని ఎందుకు కాకూడదు?

రాళ్ళపిచ్చి: రాయి మాట వచ్చింది గనక ఆగలేను. బేతంచర్ల దగ్గర ముద్దవరంలో దొరుకుతుందది. డోలమైటు (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి లాంటిది) పొరల్లోకి కరిగిన డోలరైటు (నల్లటి అగ్నిశిల) చొరబడింది. ఆ సెగకి డోలమైటు కరగలేదు, గట్టిగా ఉండగానే అందులోని మెగ్నీషియం సిలికాతో కలిసి టాల్క్ అయింది, బలపపు రాయిలోని మెత్తదనం దానిదే. పులివెందుల రాతినార (ఆస్బెస్టాస్)దీ ఆ సెగ పుట్టుకే. మార్కాపురం పలక దారి వేరు. బురద గట్టిపడ్డ రాయిని భూమి నొక్కితే అభ్రకపు రేకులు ఒత్తిడికి అడ్డంగా బారులు తీరాయి, అందుకే పలకలుగా చీలుతుంది. ఇంకా వేడి, ఒత్తిడి పెరిగితే షిస్టు అనే రాయి, ఆపైన నైసు అనే రాయి అవుతుంది. పలకా బలపం రెండూ రూపాంతర శిలలే, అంటే వేడికో ఒత్తిడికో కరక్కుండానే మారిన రాళ్ళు!

అవధానప్రియ: బాగుంది గానీ, కాలికి బలపం కట్టిన కవి అంటే శ్రీనాథుడే. కొండవీడు, విజయనగరం, రాజమహేంద్రవరం... పల్నాడు వెళ్ళి "నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు" అని విసుక్కున్నాడు.

కృష్ణాతీరం: దొరికిన చాటువల్లా ఆయన నెత్తిన రుద్దడం మనకి అలవాటే. ఆ నాపరాయీ పలకలుగానే లేస్తుందిగా, మరి అదీ రూపాంతరమేనా?

రాళ్ళపిచ్చి: కాదండీ, సున్నపురాయి, అవక్షేపం. ఆ పొరలు నీళ్ళడుగున పేరుకున్నప్పటివి, నొక్కితే వచ్చినవి కావు. గీకి, పొడి మీద నిమ్మరసం వేయండి, బుడగలొస్తాయి. పలకతో రావు.

గోదారిగట్టు: వంటగట్టు మీద వేశాను. బుడగలొచ్చాయి, మచ్చ పడింది, అమ్మ తిట్టింది. ఇంతకీ కట్టా, పట్టా?

గచ్చునేల: మా ఇంట్లో "కాళ్ళకి చక్రాలు కట్టుకుని" అంటారు. కట్టుకే నా ఓటు.

అవధానప్రియ: చక్రం కట్టుకునేది కాదు స్వామీ, అరికాలి రేఖ. ఆ రేఖ ఉన్నవాడు ఊళ్ళు తిరుగుతాడని సాముద్రికం.

గచ్చునేల: అయితే "కట్టుకుని" ఎక్కణ్ణించి వచ్చిందంటారు?