పక్షవాతం తర్వాత చైనా మూలికల క్యాప్సూల్స్: వాడొచ్చా, వద్దా?

తునివాడు: సింగపూర్‌లో మా దగ్గరికొచ్చిన నాన్నకి 3 వారాల క్రితం పక్షవాతం వచ్చింది, కుడిచెయ్యి పట్టు లేదు, గ్లాసు ఇస్తే జారిపోతోంది. పక్కింటి చైనీస్ ఆంటీ న్యూరోఎయిడ్ అని క్యాప్సూల్స్ తెచ్చిచ్చింది, వాళ్లాయనకి వాడారంట. పూటకి 4 చొప్పున రోజుకి 12, మూడు నెలలు వాడాలంట. ఇది పనిచేస్తుందా అండీ?

పల్లవి_ఫిజియో: వద్దన్నా. దీని మీద చైమ్స్ అని పెద్ద ట్రయలే జరిగింది, 1100 మందిలో కొందరికి ఇది, కొందరికి ఉత్తుత్తి క్యాప్సూల్స్ ఇచ్చారు, 2013లో రిజల్ట్ వచ్చింది, 3 నెలలకి చెప్పుకోదగ్గ తేడా లేదు.

వేములవాడ_శీను: అక్కడితో ఆపేస్తే ఎట్లమ్మా, అదే పేషెంట్లని రెండేండ్లు చూసిన్రు కదా, 6 నెలలకి, ఏడాదికి మందు వాడినోళ్లల్లనే తమ పని తాము చేసుకునేటోళ్లు ఎక్కువున్నరు. నరాలు మెల్లగ కోలుకుంటయి, 3 నెలలకే తీర్పు చెప్తరా? అండ్ల కుసుమ పువ్వుంది, మా దిక్కు చేన్లల్ల పండేదే, పిల్లలకి అరగదీసి నాకిచ్చే వస జాతి కొమ్ముంది. మలేరియాకిచ్చే ఆర్టెమిసినిన్ సుత చైనా మూలికల్నించే వచ్చింది, దాన్ని కనిపెట్టిన చైనా సైంటిస్టు తూ యూయూకి 2015ల నోబెల్ ఊకెనే ఇచ్చిన్రా?

పల్లవి_ఫిజియో: శీను గారూ, 6 నెలల మాట నిజమే, కానీ 24 నెలలకొచ్చేసరికి ఆ తేడా గట్టిగా చెప్పేంత మిగల్లేదు. తూ యూయూ గారు మొక్కలోంచి ఒక్క పదార్థాన్ని విడిగా తీసి, పరీక్షించి నిరూపించారు, ఇక్కడ అది జరగలేదు. 2024లో చైనా డాక్టర్లే మెదడులో రక్తం చిట్లిన 1600 మందికి పైగా పేషెంట్లతో ఇంకో మూలికల మందు ట్రయల్ చేసి, ఉపయోగం కనపడలేదని లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో రాశారు. అన్నా, నాన్నగారికి బ్లడ్ థిన్నర్ ఏమైనా ఇస్తున్నారా? ఈ న్యూరోఎయిడ్‌లో డాన్‌షెన్ అనే చైనా మూలిక వేరు ఉంది.

తునివాడు: వార్ఫరిన్ ఇస్తున్నారమ్మా. డబ్బా మీద చదివితే జలగ, తేలు కూడా ఉన్నాయి, నాన్న గుడ్డు కూడా ముట్టరు.

పల్లవి_ఫిజియో: వార్ఫరిన్‌కి డాన్‌షెన్ తోడైతే రక్తం మరీ పలచబడి బ్లీడింగ్ అవ్వొచ్చు, ఒక్కటి కూడా వెయ్యకండి, ఇప్పటికే వేసుంటే ఇవాళే డాక్టర్‌కి చెప్పి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే టెస్టు) చేయించండి. చేతికైతే బట్టల క్లిప్పులు గిన్నె అంచుకి పెట్టించి తీయించండి, రోజుకి నాలుగైదుసార్లు, ఆయన చేత్తోనే.

వేములవాడ_శీను: వార్ఫరిన్ మీదున్నరంటే నేను సుత వద్దనే అంట తమ్మీ. మందే పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను.

తునివాడు: ఇంకా వెయ్యలేదన్నా. డబ్బా ఆంటీకి తిరిగిచ్చేస్తా, క్లిప్పులు ఇంట్లో ఉన్నాయి.