చెన్నైలో ఇల్లు కడుతున్నా: 53 గ్రేడా, పీపీసీనా? సిమెంట్ కార్బన్ లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

మాధవరం_మేడ
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు పక్కన పల్లె. చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మాధవరంలో స్థలం కొని 1200 చదరపు అడుగుల ఇల్లు మొదలుపెట్టాం. పునాది, ప్లింత్ బీమ్ అయిపోయాయి, వచ్చే నెల స్లాబ్. గొడవంతా సిమెంట్ దగ్గర వచ్చింది. కాంట్రాక్టర్ 53 గ్రేడ్ (ఏ బూడిదా కలపని మామూలు సిమెంట్, ఓపీసీ) తప్ప ఇంకోటి ముట్టనంటున్నాడు. పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) పేరెత్తితే "వేండామ్ సార్, అది బూడిద" అని నవ్వుతాడు. ఇంట్లో చూస్తే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టని ఏదో చదివింది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటుదేనట, మరి మన ఇంటి వాటా ఎంత నాన్నా అని అడుగుతోంది. నీళ్లు నమిలాను. ఫ్యాక్టరీలవాళ్లు దీనికి ఏం చేస్తున్నారు? నాలాంటి వాడు చేయగలిగింది ఏమన్నా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

యర్రగుంట్ల_కిల్న్
కడప జిల్లాలో ఒక ప్లాంటులో ఇరవై రెండేళ్లు కిల్న్ (సున్నపురాయి కాల్చే తిరిగే కొలిమి) దగ్గర పనిచేశాను. రిటైరై ఇప్పుడు పెరంబూరులో కొడుకు దగ్గర ఉంటున్నా. పాప అడిగింది అసలు ప్రశ్న. పొగ గొట్టం కనిపిస్తుంది కాబట్టి అందరూ బొగ్గును తిడతారు. బొగ్గు తప్పు సగం కూడా కాదు. రాయిలోనే ఉంది సంగతి.

వంద కిలోల మంచి సున్నపురాయిని కాల్చండి. మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలు ఏమైనట్టు? కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసింది. బొగ్గుతో కాల్చినా, సౌర విద్యుత్తుతో కాల్చినా, పిడకలతో కాల్చినా ఆ 44 పోవాల్సిందే. సిమెంటుకి మూలసరుకైన క్లింకర్ తయారీలో వచ్చే కార్బన్‌లో దాదాపు 60 శాతం ఇలా రాయి నుంచి వచ్చేదే. ఇంధనంతో కలిపి టన్ను క్లింకర్‌కి సుమారు 850 కిలోలు.

కిల్న్ లోపల సరుకు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మొదట్లో నీలం అద్దం పెట్టుకుని చూసేవాళ్లం. సూర్యుడిని గొట్టంలో పెట్టి తిప్పుతున్నట్టు ఉంటుంది. అవతల నుంచి చల్లారి వచ్చేది నల్లటి కుంకుడు గింజల్లాంటి గుళ్లు. అదే క్లింకర్. దాన్ని జిప్సంతో కలిపి పిండి పడితే మీ 53 గ్రేడ్. నా షర్టు జేబులో ఎప్పుడూ ఒకటి ఉండేది, మా ఆవిడ ఉతికేటప్పుడు తిట్టేది.

ఓఎంఆర్_ఫ్లాట్
అయితే కంపెనీలు బస్తాల మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేస్తున్నాయి కదా, అదంతా ఉత్తదేనా?

యర్రగుంట్ల_కిల్న్
అంతా ఉత్తది కాదు. ప్రీహీటర్ (రాయి పిండిని కిల్న్‌లోకి పోయేముందు వేడిచేసే టవరు) నుంచి బయటికి పోయే వేడి గాలితో బాయిలర్ పెట్టి కరెంటు తీస్తున్నారు. బాగా నడిచేచోట ప్లాంటుకి కావలసిన కరెంటులో నాలుగో వంతు దాకా అక్కడే వస్తుంది. బొగ్గు బదులు వరి ఊక, పాత టైర్లు, ఊళ్లలో చెత్త కూడా వేస్తున్నారు. పెరుంగుడి డంప్‌యార్డు తవ్వి వేరుచేసిన ప్లాస్టిక్, గుడ్డ పీలికలు సిమెంట్ ఫ్యాక్టరీలకే వెళ్లాయి. యూరప్‌లో ఇంధనంలో సగానికి పైగా ఇలాంటివే. మనం ఆ దరిదాపుల్లో కూడా లేం.

ఎందుకు లేమో చెప్పేవాళ్లు తక్కువ. మన చెత్త తడి. వానాకాలంలో లారీ తూకం వేస్తే సగం నీళ్లకే డబ్బు కట్టినట్టుంటుంది. అందులో పీవీసీ ముక్కలుంటే క్లోరిన్ ఆవిరై పైకి పోయి, ప్రీహీటర్‌లో సైక్లోన్లు అనే గరాటు గదుల్లో అట్ట కడుతుంది. ఒకసారి రాత్రి షిఫ్టులో రెండు గంటలప్పుడు సైక్లోన్ జామ్ అయింది. కిల్న్ ఆపి, పొడుగాటి ఇనుప గొట్టాలతో గాలి కొట్టి తెల్లారేదాకా పొడిచాం. వేడి పిండి నీళ్లలా ఒక్కసారిగా దూకుతుంది, ప్రాణాలు పోయే పని. మరుసటి వారం మేనేజరే "చెత్త తగ్గించండి" అన్నాడు. కాబట్టి మీ ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తే అది కూడా సిమెంట్ ఫ్యాక్టరీకి సాయమే. నవ్వకండి, నిజం.

నెల్లూరు_సైటు
మేడ గారూ, నేను సైట్ క్వాలిటీ ఇంజనీర్ని, పదకొండేళ్లుగా చెన్నైలోనే ఉన్నా. కిల్న్ సార్ చెప్పిన దాన్నిబట్టి ఒక సంగతి తేలిపోయింది కదా: రాయి కాల్చక తప్పదు కాబట్టి, బస్తాలో క్లింకర్ తగ్గించాలి. ఇవాళ్టికిప్పుడు చేతిలో ఉన్న పెద్ద ఉపాయం అదే. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్ల బూడిద) కలపొచ్చు, ఐఎస్ 1489 అనే భారత ప్రమాణం ఒప్పుకుంటుంది. స్లాగ్ సిమెంట్‌లో ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం) 70 శాతం దాకా వెళ్లొచ్చు, అది ఐఎస్ 455. బస్తా మీద ఈ నంబరు, తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి. కొనేముందు అది చదవండి, ఆకు బొమ్మ కాదు.

మీ పాపకి లెక్క. ఇంటికి చదరపు అడుగుకి 0.4 బస్తా అని మేం ఉజ్జాయింపుగా వేసుకుంటాం. అంటే 480 బస్తాలు, 24 టన్నులు. 53 గ్రేడ్ అయితే బస్తాకి దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్. 30 శాతం బూడిద ఉన్న పీపీసీ అయితే 28 దాకా. మొత్తం 19 టన్నులు, లేదా పదమూడున్నర. తేడా అయిదున్నర టన్నుల పైనే. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు వస్తుంది, ఆ లెక్కన దాదాపు 2,500 లీటర్ల పెట్రోలు. మీ కారు ఎన్నేళ్లు తాగుతుందో మీరే చూసుకోండి.

ఓఎంఆర్_ఫ్లాట్
నా అభ్యంతరం ఒక్కటే. పవర్ ప్లాంటు బూడిద కలిపి దాదాపు సిమెంట్ ధరకే అమ్ముతున్నారు. పర్యావరణం వాళ్లది, డబ్బు మనది. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ సీలింగ్ పెచ్చులూడుతోంది, బిల్డర్ వాడింది పీపీసీనే అట.

నెల్లూరు_సైటు
ధర గురించి మీ కోపం న్యాయమే. పెచ్చుల సంగతి మాత్రం సిమెంట్ మీదకి తొయ్యలేం. ఉక్కు కడ్డీకి కవర్ (పైన కాంక్రీట్ మందం) ఎంత ఇచ్చారు, ఎన్ని రోజులు నీళ్లు పట్టారు, ముందు అవి అడగండి. సముద్రం దగ్గర ఉప్పు గాలికి ఫ్లై యాష్, స్లాగ్ కలిసిన కాంక్రీటే మేలు. సిమెంట్ గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో ఆ బూడిద కలిసి సందులన్నీ పూడ్చేస్తుంది. ఉప్పు లోపలికి దిగడం నెమ్మదిస్తుంది. కానీ ఇదంతా నిదానంగా జరిగే పని. మనకి నిదానమే లేదు!

నా తప్పు నేనే చెప్పుకుంటా. షోలింగనల్లూరు పక్కన ఒక సైట్. పీపీసీ స్లాబ్, మే నెల. ఓనర్‌కి గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది, కాంట్రాక్టర్‌కి సెంట్రింగ్ సామాను (స్లాబ్ కింద పెట్టే షీట్లు, గుంజలు) ఇంకో సైట్‌కి కావాలి. ఏడో రోజు ప్రాపులు (ఆ గుంజలు) విప్పేశారు, నేను సరే అన్నాను. మధ్యలో సన్నగా జుట్టు పగుళ్లు, కొంచెం కుంగింది కూడా. ఆ ఓనర్ ఈ రోజుకీ పీపీసీని తిడుతుంటాడు. మా క్యూబులు (బలం పరీక్షకి పోసే కాంక్రీట్ దిమ్మెలు) చూస్తే, 28 రోజులకి 25 ఎంపీఏ బలం రావాల్సిన ఎం25 కాంక్రీట్‌కి ఏడో రోజు 16.5 వచ్చింది, 28వ రోజు 31, 56వ రోజు 36. సరుకు బాగానే ఉంది, ఆగాల్సింది మేమే. ఏడు రోజులకే విప్పేయొచ్చు అనేది మామూలు ఓపీసీకి, చిన్న స్పాన్‌కి పెట్టిన లెక్క. పీపీసీకి ఇంకా ఆగాలి. నీళ్లు కూడా ఓపీసీకి కనీసం ఏడు రోజులైతే దీనికి పది, చెన్నై ఎండల్లో అయితే పద్నాలుగు. ఐఎస్ 456 లోనే ఉంది.

కాంట్రాక్టర్లకి 53 గ్రేడ్ ఎందుకంత ఇష్టమో ఇప్పుడర్థమైందా? బలం కోసం కాదు, సెంట్రింగ్ షీట్ల అద్దె కోసం.

తరమణి_ల్యాబ్
బూడిద గురించి ఇంకో మాట. థర్మల్ ప్లాంట్లు తగ్గేకొద్దీ బూడిదా తగ్గుతుంది. ఇప్పుడు ఎన్నూరు చుట్టూ గుట్టలుగా ఉందని ఎప్పటికీ ఉంటుందనుకోలేం. స్లాగ్ సరఫరా ఉక్కు ఫ్యాక్టరీల మీద ఆధారపడింది. అందుకే ఎల్‌సీ3 అనే కొత్తరకం సిమెంట్ మీద అంత పని జరుగుతోంది. స్విట్జర్లాండ్, క్యూబా వాళ్లతో పాటు ఐఐటీ ఢిల్లీ, మన ఐఐటీ మద్రాస్ కలిసి చేసింది. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, మిగతాది జిప్సం. మట్టిని 700, 800 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. దాన్నుంచి పోయేది నీటి ఆవిరే. మామూలు సిమెంట్ కంటే కార్బన్ 30 నుంచి 40 శాతం తక్కువ. 2023లో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) దీనికి ఐఎస్ 18189 ఇచ్చింది, కాబట్టి ఇది ప్రయోగశాల ముచ్చట మాత్రమే కాదు. పింగాణీకి పనికిరాదని పక్కన పడేసే నాసిరకం కయోలిన్ మట్టి కూడా సరిపోతుంది.

కష్టాలూ ఉన్నాయి. నీళ్లు ఎక్కువ అడుగుతుంది, తొందరగా బిగుసుకుంటుంది, అడ్మిక్స్చర్ (కాంక్రీట్‌లో కలిపే రసాయనం) జాగ్రత్తగా పడాలి. మట్టిలో ఇనుముంటే రంగు ఎర్రగా వస్తుంది. ఒకసారి ట్రయల్ వేసినచోట మేస్త్రీ వేలితో రుద్ది చూసి "ఇటుక పొడి కల్తీ చేశారు సార్" అని పని ఆపేశాడు. ఒప్పించడానికి రెండు టీలు పట్టాయి.

మూడుతరాల_మద్రాసు
నాయనా, ఆ మేస్త్రీ తాతకి ఇటుక పొడే గొప్ప. మా ముత్తాత గూడూరు నుంచి జార్జ్‌టౌన్ వచ్చారు. మా పాత ఇల్లు మద్రాస్ టెర్రస్, టేకు దూలాల మీద సన్నపు ఇటుకలు పేర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం దిమ్మిస కొట్టిన కప్పు. సుర్ఖీ అంటే కాల్చిన మట్టే కదా, సున్నంతో కలిపి గానుగలో రుబ్బేవాళ్లు. గోడలకి గవ్వల సున్నం. అద్దంలా మెరిసేది. మీ ఎల్‌సీ3 వింటుంటే మునిమనవడు సూటు వేసుకుని వచ్చినట్టుంది.

ఇంకో సంగతి. 1904లో దేశంలో మొదట సిమెంట్ తయారీకి పూనుకున్నది ఈ మద్రాసులోనే, సముద్రపు గవ్వలతో. నిలబడలేదు. తర్వాత 1914లో పోర్‌బందర్‌లో నిలదొక్కుకుంది. సున్నం గాల్లోంచి కార్బన్‌ని మళ్లీ పీల్చుకుంటుందని మా అబ్బాయి చెప్పాడు. సిమెంటూ అంతేనా?

తరమణి_ల్యాబ్
పీల్చుకుంటుందండీ, కానీ ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పైగా ఆ పీల్చుకోవడం ఉక్కు దాకా చేరితే కాంక్రీట్‌లో క్షారం తగ్గి కడ్డీ తుప్పు పడుతుంది. సున్నపు గోడకి అది మంచి, మన స్లాబ్‌కి చెడు.

అంబత్తూరు_ఆడిట్
పైవాళ్ల సంగతి క్లుప్తంగా చెప్తా, నేను ఈ లెక్కలే రాసే ఉద్యోగిని. 2025 అక్టోబరులో కేంద్రం సిమెంట్ ప్లాంట్లకి టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారమే ఉండాలని లక్ష్యాలు నోటిఫై చేసింది. మించితే కార్బన్ క్రెడిట్లు కొనాలి, తగ్గితే అమ్ముకోవచ్చు. ఇప్పటిదాకా కరెంటు, బొగ్గు పొదుపు మీదే చూపు, ఇకపై క్లింకర్ మీదకి మళ్లుతుంది. ఇక పొగ గొట్టం దగ్గరే కార్బన్ పట్టుకోవడం. నార్వేలోని బ్రెవిక్ ప్లాంటులో 2025లో మొదలైంది, ఏడాదికి నాలుగు లక్షల టన్నులు పట్టి ఓడలో తీసుకెళ్లి సముద్రం అడుగున దించుతున్నారు. అది ఆ ప్లాంటు వదిలే దాంట్లో సగమే. దానికయ్యే ఖర్చు మన బస్తా ధర మీద వేస్తే ఈ చర్చలో ఎవరూ ఇల్లు కట్టరు.

నెల్లూరు_సైటు
ఖర్చు లేని పని ఒకటి మర్చిపోయాం. మా సైట్లలో దాన్ని భయం బస్తా అంటాం. మేస్త్రీ కాంక్రీట్ జారడానికి నీళ్లు ఎక్కువ పోస్తాడు. బలం పోతుందని భయం వేసి ఇంకో అర బస్తా కలుపుతాడు. కొలిచి నీళ్లు పోసి, కొద్దిగా ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీట్ జారేలా చేసే రసాయనం) వేస్తే ఆ అర బస్తా అక్కర్లేదు. ఇంకోటి స్లాబ్ మందం. స్ట్రక్చరల్ ఇంజనీర్ అయిదు అంగుళాలు అంటే, ఓనర్ మామగారు ఆరు వేయమంటారు. మేడ గారూ, మీ మామగారు సైట్‌కి వస్తుంటారా?

మాధవరం_మేడ
వస్తుంటారు. ఆరే అన్నారు.

అందరికీ థాంక్స్. ఏం జరిగిందో చెప్తా. కాంట్రాక్టర్‌తో కూర్చున్నాం. ఇంకో పది రోజుల షీట్ల అద్దె నేనిస్తాను, స్లాబ్‌కి పీపీసీ వెయ్యి అన్నాను. అద్దె మాట వినగానే బూడిద సిమెంట్ మంచిదైపోయింది! స్లాబ్ అయిదు అంగుళాలకే వేశాం, మామగారు రెండు రోజులు మాట్లాడలేదు. సిమెంట్ మట్టితో చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నింపాం. మధ్యాహ్నం రెండింటికి నింపితే నాలుగున్నరకి మడి అడుగున నెర్రెలు కనిపించేవి. అంచుల్లో, మెట్ల దగ్గర మడి కుదరదు కాబట్టి గోనె సంచులు పరిచి, నేనూ మా అమ్మాయీ ఆఫీసుకీ స్కూలుకీ వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తడిపాం. పద్నాలుగు రోజులకి రెండు నీళ్ల లారీలు అదనం. ప్రాపులు పద్దెనిమిదో రోజు విప్పాం. పగుళ్లు లేవు. 28వ రోజు క్యూబులు 30 దాటాయి. ఇంకో మూడు క్యూబులు 56వ రోజుకని దాచాను, మా అమ్మాయి ప్రాజెక్టులో ఆ అంకె కావాలట. అవి సంప్ పక్కన గట్టు మీద పెట్టాను, ఫర్వాలేదు కదా?

నెల్లూరు_సైటు
గట్టు మీదనా! ఎండలో పెడితే ఎలా సార్, ఇప్పుడే తీసి నీళ్ల తొట్టిలో పూర్తిగా మునిగేలా వేయండి. పాప మార్కులు పోతే పీపీసీని తిట్టకూడదు.