విజయనగరంలో 200 గజాల ఇల్లు: గ్రీన్ బిల్డింగ్ అంటే కార్పొరేషన్ నిజంగా ఏం తగ్గిస్తుంది?

కొత్తిల్లు_విజయనగరం:
కార్పొరేషన్ పరిధిలో 30 × 60 స్థలం, జీ ప్లస్ వన్. ప్లాన్ ఇంకా పెట్టలేదు. గ్రీన్ బిల్డింగ్ కడితే పర్మిట్ ఫీజులోనూ ఇంటి పన్నులోనూ రాయితీ ఉందంటున్నారు. ఎంత, దేనికిస్తారు? ఇంత చిన్న ఇంటికి రేటింగ్ అవసరమా? స్లాబ్ పడ్డాక చేయలేని పనులేమైనా ఉంటే అవి ముందు చెప్పండి.

ఎల్టీపీ_కోట:
మాస్టారూ, ఉన్నవి రెండు వేర్వేరు రాయితీలు. జనం రెండిటినీ కలిపేస్తుంటారు.

ఒకటి రేటింగ్‌తో వచ్చేది. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) రేటింగ్ తెచ్చుకున్న భవనానికి పర్మిట్ ఫీజులో 20 శాతం తగ్గింపు, మూడేళ్లలోపు అమ్మితే ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో ఒకసారి 20 శాతం. ఇది అపార్ట్‌మెంట్ కట్టి అమ్మేవాళ్లకి. మీ ఇంటికి వచ్చే తగ్గింపు కంటే రేటింగ్ ఖర్చే ఎక్కువవుతుంది, వదిలేయండి.

రెండోదానికి రేటింగ్‌తో పని లేదు. 2012లో జీవో 168తో వచ్చింది, 2017 జీవో 119 నియమాల్లోనూ కొనసాగింది. ఇంటి పన్నులో ఇస్తారు. సోలార్ హీటింగ్, లైటింగ్ పెట్టుకుని వాడితే 10 శాతం. వాన నీటి గుంతా, వాడిన నీటిని మళ్లీ వాడే ఏర్పాటూ రెండూ ఉంటే ఇంకో 10 శాతం. ఇంటి చుట్టూ సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) కనీసానికి ఒకటిన్నర రెట్లు వదిలితే 10, రెండు రెట్లు వదిలితే 20.

"రెండూ" అన్న మాట దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఒక్క ఇంకుడు గుంతకి రాయితీ రాదు. అది ఎలాగూ ప్లాన్ షరతుల్లో ఉంటుంది. సెట్‌బ్యాక్ సంగతీ చూసుకోండి. పక్కన మీటరు వదలాల్సిన చోట మీటరున్నర వదిలితే 30 అడుగుల వెడల్పులో మూడడుగుల పైనే పోతుంది. గాలీ వెలుతురూ కావాలనుకుంటే వదలండి, పన్ను కోసం మాత్రం వద్దు.

గుంత, వాడిన నీటి తొట్టి, మేడ మీద ప్యానెళ్లు, అన్నీ కొలతలతో ప్లాన్‌లోనే చూపించండి. కట్టాక ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తీసుకోండి. ప్లాన్‌కి తేడాగా కట్టిన డీవియేషన్ ఉంటే ఓసీ దగ్గరే ఆగిపోతుంది. పన్ను వేసేటప్పుడే ఓసీ కాపీ, బిల్లులు, ఫొటోలు జతచేసి కమిషనర్ పేరిట అర్జీ ఇచ్చి, రసీదు దాచుకోండి. పన్ను ఖాయమయ్యాక అడిగితే రివిజన్ కింద తిరగాలి.

ఏడాదికి 6,000 పన్ను అనుకుంటే సోలార్ 10 శాతం, నీళ్ల 10 శాతం కలిపి మిగిలేది 1,200. దాన్ని కొసరు అనుకోండి. అసలు లాభం కరెంటు బిల్లులో, బోరు నీళ్లలో ఉంది.

నీళ్ల_లెక్క:
మనకి ఏటా సుమారు 1,100 మి.మీ. వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల మేడ మీద 80 శాతం పట్టినా 88,000 లీటర్లు.

గుంత మీటరున్నర × మీటరున్నర, లోతు రెండు మీటర్లు చాలు. అడుగున మీటరు మందం 40 ఎంఎం కంకర, పైన 35 సెం.మీ. 20 ఎంఎం, నైలాన్ జాలీ పరిచి 15 సెం.మీ. ముతక ఇసుక, మిగతా అర మీటరు ఖాళీ. కంకర సందులతో కలిపి దాదాపు 2,500 లీటర్లు నిలుస్తాయి. ఒక్క ఊపున 25 మి.మీ. కురిసినా వచ్చేది 2,000 లీటర్లే. జాలీ మానేస్తే ఇసుక కంకరలోకి దిగిపోయి గుంత గట్టిపడుతుంది.

తవ్వే ముందు అడుగు లోతు గొయ్యి తీసి, నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ నింపి చూడండి. ఎర్ర గరప నేలయితే ఇంకుతుంది. గంటకి అంగుళం కూడా దిగకపోతే కింద బంకమన్ను ఉన్నట్టు. అప్పుడు గుంత అడుగున 6 అంగుళాల ఆగర్ బోరు (మరలా తిప్పి తవ్వేది) వేసి, బంక దాటేదాకా దింపి కంకరతో నింపాలి.

మేడ నీళ్లు గుంతలోకి వెళ్లే ముందు పైపు దారిలో 100 లీటర్ల డ్రమ్ము పెట్టండి. తొలి వాన దుమ్మంతా అందులో ఆగుతుంది. అయినా రెండో వానాకాలానికి ఇసుక మీద వేలి మందాన బూడిదరంగు పొర కడుతుంది, ఎండితే పెంకుల్లా లేస్తుంది. గుంత "పని చేయడం లేదు" అనేది నూటికి తొంభై ఇదే. మే నెలలో ఆ పొర గీకేసి, పై రెండంగుళాల ఇసుక మార్చితే మళ్లీ తాగుతుంది.

వాడిన నీటికి స్నానం, బట్టల పైపుని మరుగుదొడ్డి పైపు నుంచి ఇప్పుడే వేరు చేయించండి. గోడలు లేచాక కుదరదు. వంటింటి నీళ్లు కలపొద్దు, జిడ్డు పట్టేస్తుంది. రెండు గదుల తొట్టి, తర్వాత 4 చదరపు మీటర్ల కంకర మడి, అందులో మెట్టతామర. నలుగురికి సరిపోతుంది. నీళ్లు కంకర పైకి కనబడకూడదు. కనబడితే దోమలు పెడతాయి, అవుట్‌లెట్ పూడిందని అర్థం.

కొత్తిల్లు_విజయనగరం:
చాలా థాంక్సండీ. మరి సోలార్‌కి హీటర్ కూడా పెట్టాలా? తుఫానుకి ప్యానెళ్లు నిలబడతాయా?

మేడమీద_ఎండ:
జీవోలో మాట "హీటింగ్, లైటింగ్". ప్యానెళ్లొక్కటే చాలా అన్నది రెవెన్యూ సెక్షన్‌ని కాగితం మీద అడిగి తేల్చుకోండి. హీటర్ కొంటే 100 లీటర్లది, గాజు ట్యూబుల రకం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే రాగి గొట్టాల రకంలో సున్నం పేరుకుంటుంది.

ప్యానెళ్లకి సబ్సిడీ కేంద్రానిది, పీఎం సూర్యఘర్. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000. అంతకు మించి పెట్టినా సబ్సిడీ పెరగదు. మూడు కిలోవాట్లకి నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి, రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి. ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) మీటరు మీద ఉన్న పేరే పథకం పోర్టల్‌లో, బ్యాంకు ఖాతాలో ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగుతుంది. ప్యానెళ్లు దేశీయ సెల్స్‌తో చేసినవే అయి ఉండాలి.

తుఫాను సంగతి: మన తీరం గాలి వేగం లెక్కలో సెకనుకి 50 మీటర్ల జోన్, అంటే గంటకి 180 కిలోమీటర్లు. సిమెంటు దిమ్మలు ఊరికే మేడ మీద పెట్టి వాటికి ఫ్రేము బిగించేది మనకి పనికిరాదు. స్లాబ్ పోసే రోజే కమ్మీలకి కట్టి అడుగు చదరం పెడస్టళ్లు (కాంక్రీటు దిమ్మలు), వాటిలో జే ఆకారం బోల్టులు వదిలించండి. తర్వాత డ్రిల్ చేస్తే అక్కడే కారుతుంది. వాలు దక్షిణానికి 15 నుంచి 18 డిగ్రీలు చాలు, ఎక్కువ ఎత్తితే గాలి కింద దూరుతుంది. ఫ్రేము హాట్‌డిప్ జీఐ (కరిగిన జింకులో ముంచిన ఇనుము), బోల్టులు ఎస్ఎస్ 304 (తుప్పు పట్టని స్టీలు).

ఇంకోటి, కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకి కలిపిన) ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు రెండు లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, చిన్న బ్యాటరీ తీసుకోవాలి.

ఇటుక_పని:
గోడల మాట ఎవరూ ఎత్తలేదు. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం దగ్గర్లోనే ఉంది కాబట్టి మనకి బూడిద ఇటుక తేలిగ్గా దొరుకుతుంది. కనీసం 21 రోజులు తడిపిందే తీసుకోండి. రెండిటిని కొడితే ఖంగుమనాలి, మేకుతో గీస్తే పొడి రాలకూడదు. ఎర్ర ఇటుకలా తొట్టిలో నానబెట్టొద్దు, పైన చల్లితే చాలు. నానిన ఇటుక గోడలో ఎండుతూ కుంచించుకుని ప్లాస్టర్ మీద పగుళ్లు తెస్తుంది. మాల్ 1:6 కంటే బలంగా కలపొద్దు. గోడ బీముని కలిసేచోట అటూ ఇటూ ఆరంగుళాలు చికెన్ మెష్ (సన్న తీగ జాలీ) కొట్టించండి, మేస్త్రీ అక్కర్లేదన్నా సరే.